బీరువాలో నాన్న పాత పాస్‌బుక్ దొరికిందా? పారేసే ముందు ఆ రూ.436 ఎంట్రీ చూడండి!

పెద్దకర్మ అయిపోయింది. చుట్టాలు వెళ్లిపోయారు. ఇక మిగిలింది ఆ బీరువా. తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలుసు.. తెరవడానికే ఎవరికీ చేతులు రావు. చివరికి ఒకరోజు తెరిస్తే పాత పాస్‌బుక్‌లు, చీర మడతల్లో నోట్లు, రబ్బరు బ్యాండు వేసిన ఉత్తరాలు, ఎవరో రాసిచ్చిన ప్రోనోటు. చాలా ఇళ్లలో ఇక్కడే పొరపాటు జరుగుతుంది. ఇల్లు సర్దే తొందరలో పనికొచ్చే కాగితం కూడా చెత్తలోకి పోతుంది.

ముందు పాస్‌బుక్ పట్టుకోండి. బ్యాలెన్స్ ఎంతుందని కాదు, ఏమేం కట్ అయ్యాయో చూడండి. ఏటా మే నెలాఖర్లో రూ.436 కట్ అయిందా? అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం. ఆ ఏడాది ప్రీమియం కట్ అయి, 55 ఏళ్లలోపు చనిపోతే నామినీకి రూ.2 లక్షలు వస్తాయి. రూ.20 కట్ అయితే అది సురక్షా బీమా.. ప్రమాదంలో చనిపోతే రూ.2 లక్షలు, 70 ఏళ్ల వరకు వర్తిస్తుంది. ఈ రెండూ చాలామంది బ్యాంకులో ఎవరో సంతకం పెట్టమంటే పెట్టేసినవే. ఇంట్లో చెప్పి ఉండరు. క్లెయిమ్ కోసం ఆ ఖాతా ఉన్న బ్రాంచ్‌కే వెళ్లాలి.

అదే పుస్తకంలో లాకర్ అద్దె కట్ అయినట్టు కనిపిస్తే, ఎక్కడో మూల దొరికిన ఆ చిన్న తాళం దేనిదో తెలిసిపోతుంది. లాకర్‌ను నామినీకి అప్పగించే ముందు ఇద్దరు సాక్షుల ఎదుట లోపలి వస్తువుల జాబితా రాస్తారు. మీరూ ఒక కాపీ అడిగి తీసుకోండి, అన్నదమ్ముల మధ్య రేపు మాట రాకుండా ఉంటుంది.

పదేళ్లుగా ఎవరూ ముట్టుకోని బ్యాంకు ఖాతా అయినా డబ్బు పోయినట్టు కాదు. అది ఆర్బీఐ దగ్గరున్న నిధికి వెళ్తుంది, వారసులు ఎప్పుడైనా అడగొచ్చు. 2023 ఆగస్టులో ఆర్బీఐ తెచ్చిన ఉద్గమ్ పోర్టల్‌లో పేరు, పాన్ లేదా పుట్టిన తేదీ కొట్టి వెతకొచ్చు. పోస్టాఫీసు పుస్తకాలు, ఎల్ఐసీ పాలసీలు మాత్రం అందులో కనిపించవు, వాటికి విడిగా తిరగాల్సిందే.

మరి ఏటీఎం కార్డు, పిన్ తెలుసు కదా అని డబ్బులు తీసేయొచ్చా? వద్దు. చావు ఖర్చులకే అయినా సరే, మిగతా వారసులు ఫిర్యాదు చేస్తే ఇరుక్కుంటారు. ఇంకో మాట.. నామినీ అంటే ఓనర్ కాదు. డబ్బు అందుకునే హక్కు నామినీది, అందులో వాటా వారసులందరిదీ. షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023 డిసెంబర్‌లో ఇదే తేల్చింది.

ప్రోనోటు దొరికితే వెంటనే వెనక్కి తిప్పి చూడండి. రాసిన తేదీ నుంచి మూడేళ్లు దాటితే కోర్టులో చెల్లదు. కానీ గడువులోపే కొంత కట్టి వెనక చెల్లు రాసి సంతకం పెట్టి ఉంటే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. బాకీదారుడిపై కోర్టులో డిక్రీ కావాలంటే సక్సెషన్ సర్టిఫికెట్ అడుగుతారు, ఎమ్మార్వో ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు.

ఇక అమ్మ చీర మడతల్లో నోట్లు. రూ.2 వేల నోట్లయితే ఇంకా చెల్లుబాటులోనే ఉన్నాయి, హైదరాబాద్ ఆర్బీఐ ఆఫీసు ద్వారా ఖాతాలో వేసుకునే వీలు పెట్టారు. 2016లో రద్దయిన పాత 500, 1000 నోట్లు మాత్రం కాగితాలే. గుర్తుగా దాచుకుందామన్నా పదికి మించి ఉంచుకోకూడదు, 2017 చట్టం ప్రకారం జరిమానా ఉంది.

డబ్బు సంగతి ఇలా తేలుతుంది. తేలనిది డైరీ, ఉత్తరాలు, ఫోన్‌లో చాట్‌లు. వీటికి బ్యాంకు రూల్ లేదు. చదవాలా వద్దా అన్నది ఇంట్లో వాళ్లే తేల్చుకోవాలి. మా మాటైతే.. మొదటి నెలలో చదవొద్దు, చింపొద్దు. ఒక కవర్లో పెట్టి అంటించి పక్కన పెట్టండి. ఫ్యామిలీ గ్రూపులో ఫొటో తీసి పెట్టడం అస్సలు వద్దు. ఆ ఉత్తరం రాసిన మనిషి ఇంకా బతికే ఉండొచ్చు, వాళ్లకూ ఒక ఇల్లు, పిల్లలు ఉంటారు.

ఫోన్ సిమ్‌ను మాత్రం వెంటనే ఆపేయకండి. తాకట్టు పెట్టిన బంగారం మీద వడ్డీ నోటీసో, పాలసీ మెసేజో దానికే వస్తుంది.

మీ ఫోన్ సంగతి మీరే ముందుగా సెట్ చేసుకోవచ్చు. ఐఫోన్‌లో లెగసీ కాంటాక్ట్‌గా ఒకరి పేరు పెడితే, యాక్సెస్ కీ, డెత్ సర్టిఫికెట్ చూపించి వాళ్లు మీ ఫొటోలు తీసుకోగలరు. గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ ఉంది.. మీరు 3 నుంచి 18 నెలల్లో పెట్టుకున్న గడువు మేరకు అకౌంట్ వాడకపోతే, మీరు చెప్పినవాళ్లకు మీరు చెప్పినవే వెళ్తాయి. ఎవరికీ ఏమీ ఇవ్వకుండా మొత్తం డిలీట్ చేయమనే ఆప్షన్ కూడా అందులోనే ఉంది.