వచ్చినోళ్ళ పండుగలు

అమెరికాలోని యూటా రాష్ట్రంలో జులై నెలలో రెండుసార్లు పటాకులు పేలతాయి. 4వ తేదీన దేశమంతటితో కలిసి స్వాతంత్ర్య దినం. సరిగ్గా ఇరవై రోజులకు, 24న, ఆ రాష్ట్రానికే చెందిన ‘పయనీర్ డే’. ఆ రోజు యూటాలో సర్కారు సెలవు. సరిహద్దు దాటి నెవాడాలో అడుగుపెడితే మామూలు పనిదినం. ఇల్లినాయ్‌లో తమ ప్రవక్త జోసెఫ్ స్మిత్‌ను 1844లో మూకలు కాల్చి చంపాక, 1846లో ఊరు విడిచి పడమరకు బండ్లు కట్టిన మోర్మన్ మతస్థులు 1847 జులై 24న సాల్ట్ లేక్ లోయకు చేరుకున్నారు. ఆ రాకే పండుగ.

నందిపేట్‌లో కూర్చున్నవాళ్ళకు దాంతో ఏం పని అంటారా? బండి కట్టుకుని పరాయి సీమకు రావడం, కాలువ నీళ్ళు పారించుకోవడం, చక్కెర కోసం ఆశపడటం, పక్కింటివాళ్ళ పండుగ నేర్చుకోవడం. ఈ నాలుగూ నిజామాబాద్ జిల్లాకు బాగా తెలిసిన సంగతులే.

*

24న వచ్చిన నాయకుడు బ్రిగమ్ యంగ్ నిజానికి ఆలస్యంగా వచ్చాడు. కొండ జ్వరంతో బండిలో పడుకుని వచ్చాడాయన. ముందు నడిచిన జట్టు 22నే లోయలోకి దిగింది. 23న నాగళ్ళు దించితే నేల రాయిలా ఉంది. వాగుకు అడ్డుకట్ట వేసి, నీళ్ళు మళ్ళించి, తడిపి దున్నారు. ఎండిన నేలను తడిపి దున్నిన ఆ 23వ తేదీయే అసలు పండుగ కావాలని ఏ రైతునడిగినా చెబుతాడు. పండుగలు మాత్రం నాయకుడు దిగిన రోజునే లెక్కపెడతాయి, ఎక్కడైనా.

ఆ మొదటి జట్టులో 143 మంది మగవాళ్ళు, ముగ్గురు ఆడవాళ్ళు, ఇద్దరు పిల్లలు. మగవాళ్ళలో ముగ్గురు నల్లజాతి బానిసలు: గ్రీన్ ఫ్లేక్, హార్క్ లే, ఆస్కార్ క్రాస్బీ. యజమానుల పనిమీద వచ్చి, యజమానులకంటే ముందే లోయలో దిగారు. వాళ్ళకు విగ్రహాలు నిలబెట్టడానికి 2022 దాకా పట్టింది.

వాళ్ళు వచ్చేనాటికి ఆ లోయ అమెరికాది కాదు, మెక్సికోది. అమెరికా వద్దనుకుని బయలుదేరినవాళ్ళను ఆర్నెల్లు తిరిగేసరికి, 1848 ఫిబ్రవరి ఒప్పందంతో, అమెరికాయే వెంబడించి కలుపుకుంది. 1956లో రాష్ట్రాలు కలిసినప్పుడు మన జిల్లాకు ముందే వచ్చి స్థిరపడిన కృష్ణా, గుంటూరు రైతులది దీనికి తిరగేసిన కథ. పరాయి రాజ్యంలో భూమి కొన్నవాళ్ళు కదలకుండానే సొంత రాష్ట్రంలో ఉన్నట్టయింది. 2014లో మళ్ళీ లెక్క మారింది.

*

మంజీరా మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో ముగిసింది. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ పారేసరికి ఖుష్కి భూములు తరి అయ్యాయి. అన్ని ఎకరాల్లో వరి, చెరకు పండించే అలవాటు ఇక్కడ లేదు. అలవాటున్నవాళ్ళు కోస్తా డెల్టాల్లో ఉన్నారు. అక్కడ ఒక ఎకరం అమ్మితే ఇక్కడ చాలా ఎకరాలు వచ్చేవి. బోధన్, వర్ని, రుద్రూర్, కోటగిరి వైపు వాళ్ళు దిగిన చోట్లకు ‘క్యాంపు’ అన్న పేరు పడింది. ఇప్పటికీ సాలూర వేరు, సాలూర క్యాంపు వేరు. మూడు తరాలు గడిచి, డాబాలు లేచి, మనవలు అమెరికా వెళ్ళినా పేరు మాత్రం గుడారం వేసుకున్ననాటిదే.

‘మా తాత ఫలానా ఏడు వచ్చిండు’ అని ఇళ్ళల్లో చెప్పుకుంటారు గానీ ఊరంతా కలిసి చేసుకునే ‘వచ్చిన రోజు’ పండుగ క్యాంపుల్లో కనబడదు. నా మట్టుకు అది మంచిదే అనిపిస్తుంది. రాక తేదీకి పండుగ చేస్తే, అంతకుముందు నుంచీ ఉన్నవాళ్ళు ఆ రోజు ఏం చేయాలి?

*

ఆ ప్రశ్న యూటాలో ఉట్టి ప్రశ్న కాదు. ఆ లోయల్లో యూట్, షోషోనీ, గోషూట్ తెగలు తరతరాలుగా ఉన్నాయి. రాష్ట్రం పేరు యూట్ల నుంచి వచ్చిందే. మొదటి ఏళ్ళలో పంటలు దెబ్బతిని ఆకలి మీదికి వచ్చినప్పుడు, సెగో లిల్లీ అనే పూలమొక్క గడ్డ తవ్వుకు తినొచ్చని వలసవాళ్ళకు నేర్పింది ఆ తెగలవాళ్ళే. చిన్న ఉల్లిగడ్డంత ఉంటుంది, ఉడకబెట్టి తింటారు. కడుపు నింపిన ఆ మొక్క పువ్వును 1911లో రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. నేర్పినవాళ్ళ భూములు మాత్రం అప్పటికే చేతులు మారిపోయాయి. 1990ల నుంచి పయనీర్ డే సంబరాల వేళ సాల్ట్ లేక్ సిటీ లిబర్టీ పార్కులో ఆదివాసీ తెగలు కలిసి డప్పులతో, ఈకల అలంకారాలతో ‘పౌవౌ’ నాట్యాలు ఆడుతున్నాయి. ఊరేగింపు సాగే ఊళ్ళోనే ఇదీ సాగుతుంది.

మోర్మన్లు కానివాళ్ళు ఇంకో దారి పట్టారు. ‘పయనీర్’ను సరదాగా విరిచి ‘పై అండ్ బీర్’ డే అంటారు. సారా, బీరు ముట్టని మతంవాళ్ళ పండుగనాడు తీపి రొట్టె తిని బీరు తాగడం వాళ్ళ వేడుక. కోపాలు లేవు, దెబ్బలాటలు లేవు, బేకరీలకు మాత్రం మంచి గిరాకీ.

అసలు ఊరేగింపు పేరు ‘డేస్ ఆఫ్ ఫార్టీసెవెన్’. ముందు రాత్రే జనం రోడ్డు పక్క దుప్పట్లు పరిచి, బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాల వేసినట్టు, చోటు పట్టుకుంటారు. పిల్లాపాపలతో అక్కడే పడుకుంటారు.

*

ఇక చక్కెర.

1850ల మొదట్లోనే మోర్మన్లకు సొంత చక్కెర కావాలనిపించింది. బయటి నుంచి తెప్పిస్తే బంగారం ధర. లివర్‌పూల్‌లో యంత్రాలు చేయించి, ఓడలో న్యూ ఆర్లీన్స్ దాకా, అక్కడి నుంచి నది మీద, ఆపైన వందల కోసులు ఎడ్ల బండ్ల మీద మైదానాలు దాటించి 1852లో యూటా చేర్చారు. బీట్ దుంపలు పండించారు, యంత్రాలు బిగించారు, తిప్పారు. వచ్చింది పాకం. గింజకట్టిన చక్కెర ఒక్క పిడికెడు రాలేదు. ఆ ప్రయత్నం జరిగిన పేటను మాత్రం ఇవాళ్టికీ ‘షుగర్ హౌస్’ అంటారు. చక్కెర పుట్టని చక్కెర పేట.

యూటాలో నిజమైన చక్కెర 1891లో లీహై అనే ఊళ్ళో వచ్చింది. దుంప నుంచి చక్కెర తీసే ఆ కర్మాగారం మూడు దశాబ్దాలకు పైగా నడిచి, 1920లలో మూతపడింది. మన బోధన్‌ది చెరకు కథ. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. ఊరి పక్కనే శక్కర్‌నగర్ వెలిసింది. కాలనీ, బడి, దవాఖాన అన్నీ చక్కెర చుట్టే. ఆసియాలోనే పెద్దది అని ఒకప్పుడు పాఠ్యపుస్తకాల్లో చదివాం. 2002లో సగానికి పైగా వాటా ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో గేట్లకు తాళం పడింది. చెరకు వేసిన పొలాల్లో ఇప్పుడు ఎక్కువగా వరి, సోయా. తెరిపిస్తామన్న మాట మాత్రం ఎన్నికల సీజనుకో గానుగాడుతుంది.

లీహైలో ఏం జరిగిందో కూడా చూడండి. ఆ ఊళ్ళో ఇప్పుడు అడోబీ వంటి సాఫ్ట్‌వేర్ కంపెనీల భవనాలు లేచాయి. ఆ ప్రాంతాన్ని ‘సిలికాన్ స్లోప్స్’ అంటున్నారు. ఐటీ ఉద్యోగాలున్న చోట తెలుగువాళ్ళు లేకుండా ఎట్లా ఉంటారు? దగ్గర్లోని సౌత్ జోర్డాన్‌లో గణేశుడి గుడి కూడా ఉంది.

*

కోస్తా రైతులకు పెద్ద పండుగ సంక్రాంతి. ఇక్కడివాళ్ళకు దసరా. జమ్మి ఆకును ‘బంగారం’ అని చేతిలో పెట్టి ఆలింగనం చేసుకునే పండుగ, పాలపిట్టను చూడటానికి ఊరి బయటికి పోయే పండుగ. దానికి ముందు తొమ్మిది రోజులు బతుకమ్మ. గునుగు, తంగేడు పూలు తాంబాలంలో వరుసలు వరుసలుగా పేర్చడం చూసేవాళ్ళకు తేలిక. గునుగు కాడలన్నీ ఒక్క పొడవున కోసి, రంగులద్ది, వరుస జారకుండా నిలపాలంటే చేతికి అలవాటుండాలి. క్యాంపుల ఆడపిల్లలకు ఈ విద్య బడి స్నేహితుల ఇళ్ళలో పట్టుబడింది. అత్తగారి ఊరి పండుగ కాక, ఆడుకునే ఊరి పండుగ అయింది.

తిండిలోనూ ఇంతే. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, తెల్లటి బట్ట మీద వేళ్ళతో చుట్టు పక్కన చుట్టు అల్లి, కాస్త ఆరాక నూనెలో వేసే సకినాలు తెలంగాణ సంక్రాంతి పిండివంట. బెల్లం పాకం పట్టి చేసే అరిసెలు కోస్తావి. పొరుగిళ్ళ మధ్య రెండు డబ్బాలూ అటూ ఇటూ తిరిగి తిరిగి, ఇప్పుడు ఏ ఇంటి డబ్బా మూత తీసినా రెండూ ఉంటాయి.

బోధన్ వైపుకు నీళ్ళ కోసం జనం వచ్చారు. నందిపేట్ వైపు నీళ్ళు వచ్చి జనాన్ని లేపాయి. పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్‌కు 1963 జులై 26న నెహ్రూ పునాదిరాయి వేశారు. గోదావరి వెనుక జలాల్లో ఊళ్ళకు ఊళ్ళు మునిగాయి. వేసవిలో నీరు తగ్గితే పాత ఊళ్ళ మొండిగోడలు, గుడుల రాళ్ళు తేలతాయి. కొత్త చోటికి వెళ్ళినవాళ్ళు పాత గ్రామదేవతను కూడా వెంట తీసుకుపోయారు. పయనీర్ల చరిత్ర రాస్తే వీళ్ళ పేజీ కూడా ఉండాలి.

*

తెలుగువాళ్ళల్లో మోర్మన్లు ఉన్నారా? ఉన్నారు. 1853లోనే రిచర్డ్ బాలంటైన్ అనే ప్రచారకుడు మద్రాసుకు వచ్చి కరపత్రాలు పంచి, పెద్దగా ఎవరూ వినకపోగా మరుసటి ఏడు తిరుగు ఓడ ఎక్కాడు. నూటపాతికేళ్ళకు, 1978 చివర్లో, సమోవా దీవుల్లో ఆ మతంలో చేరిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు హైదరాబాద్ వచ్చారు. మొదట చేరినవాళ్ళలో ఎక్కువమంది వాళ్ళ బంధువులే. ఏడాది పాటు తిరిగిన తెల్లవాడికి దొరకని చెవులు మేనమామలు, వదినల దగ్గర దొరికాయన్నమాట. 1982లో ‘బుక్ ఆఫ్ మోర్మన్’లో కొన్ని భాగాలు తెలుగులో అచ్చయ్యాయి. భారతదేశంలో ఆ చర్చి తొలి ‘స్టేక్’, అంటే కొన్ని సంఘాలు కలిసిన పెద్ద విభాగం, 2012లో ఏర్పడింది హైదరాబాద్‌లోనే.

వాళ్ళకు ఇక్కడ వచ్చే పెద్ద చిక్కు చాయ్. సారా, పొగాకుతో పాటు టీ, కాఫీ కూడా ఆ మతంలో నిషిద్ధం. 1833 నాటి నియమం. పొగాకు సంగతి నిజామాబాద్‌లో మరీ కష్టం, వేల ఇళ్ళలో ఆడవాళ్ళు బీడీలు చుట్టే జిల్లా ఇది. కల్లు సంగతి చెప్పనే అక్కర్లేదు. కానీ గడపలో కాలు పెట్టినవాడికి ‘చాయ్ తాగుండ్రి’ అనే చోట వద్దనడం అన్నిటికంటే కష్టం. మజ్జిగో, నిమ్మరసమో అడిగి గట్టెక్కాలి. ఒక ఆచారం మాత్రం మనవాళ్ళకు కొత్తగా అనిపించదు: నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు పస్తుండి, ఆ భోజనానికయ్యే డబ్బు పేదలకివ్వడం. ఒక్కపొద్దులు ఉండే ఊళ్ళో దాన్ని ఎవరూ వింతగా చూడరు.

*

సాలూర మండలం హున్సాలో హోలీనాడు సాయంత్రం పిడిగుద్దులాట. మధ్యలో తాడు కడతారు. రెండు పక్షాలవాళ్ళు ఒక చేత్తో తాడు పట్టుకుని, రెండో చేత్తో ఎదుటివాళ్ళను గుద్దుతారు. కాసేపటికి ఆపి, కామదహనం బూడిద దెబ్బలకు రాసుకుని, ఆలింగనం చేసుకుంటారు. పోలీసులు వద్దన్న ఏళ్ళలోనూ ఆట ఆగలేదు.

యూటాలో స్పానిష్ ఫోర్క్ ఊళ్ళోని రాధాకృష్ణుల గుడి దగ్గర జరిగే హోలీ ఇంకో తరహా. దానికి వేలకు వేల జనం వస్తారు, చాలామంది పక్క ఊరు ప్రోవోలోని మోర్మన్ విశ్వవిద్యాలయం విద్యార్థులు. మత్తు లేని పండుగ కావడం వాళ్ళకు కలిసొచ్చింది. ఆ గుడి కట్టినప్పుడు మోర్మన్ చర్చి కూడా విరాళం ఇచ్చింది.

పయనీర్ డే దగ్గరపడే ఆ జులై రోజుల్లోనే, ఆషాఢంలో ఒక ఆదివారం, నిజామాబాద్ పట్నంలో ఊర పండుగ. ఖిల్లా దగ్గర నుంచి చెక్కలో చెక్కిన గ్రామదేవతలను డప్పులతో ఊరేగిస్తారు. దారిపొడవునా ‘సరి’ అనే ప్రసాదం చల్లితే దాని కోసం జనం ఎగబడతారు; ఇంట్లో, పొలంలో చల్లుకుంటే రోగాలు రావని, పంట నిలుస్తుందని నమ్మకం. నడిపేది సర్వసమాజ్ కమిటీ. ఊరికి నిన్న వచ్చినవాడా, ముత్తాతల నాటి నుంచి ఉన్నవాడా అని సరి అడగదు.

యూటాలో పటాకులకు చట్టం గట్టిది. ఎండిన కొండగడ్డి అంటుకుంటుందని భయం. జులై 4 చుట్టూ కొన్ని రోజులు, 22 నుంచి 25 దాకా, డిసెంబరు 31, చైనా సంవత్సరాదికి ముందు రాత్రి. మిగతా రోజుల్లో కాలిస్తే జరిమానా. 2025లో ఆ జాబితాలోకి దీపావళి చేరింది.