5.4 ప్రామాణికం కాని సెన్సార్లు – డివైస్ డ్రైవర్ పాత్ర

యూఎస్‌బీ కీబోర్డును తగిలించగానే అది ఏ పరికరమో ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలుస్తుంది. అన్ని పరికరాలూ ఇలా తమను తాము పరిచయం చేసుకోవు.

ఉదాహరణ: హైదరాబాద్ పాతబస్తీలోని జహనుమాలో ఒక మందుల దుకాణం ఉందనుకోండి. వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్‌ను 2–8 డిగ్రీల సెల్సియస్ మధ్య నిల్వ చేయాలి. అందుకని ఫ్రిజ్‌లో డీహెచ్‌టీ22 సెన్సార్‌ను ఉంచి, లినక్స్ నడిచే రాస్ప్‌బెర్రీ పై బోర్డుకు కలిపారు. ఈ సెన్సార్ ఐ2సీ, ఎస్‌పీఐ వంటి ప్రామాణిక పద్ధతులను పాటించదు. ఒకే డేటా తీగపై తనదైన పద్ధతిలో 40 బిట్లు పంపుతుంది. కనుక డ్రైవర్ మూడు పనులు చేయాలి.

5.4.1 గుర్తింపు: సెన్సార్ ఏ పిన్‌కు కలిపి ఉందో డివైస్ ట్రీలో మనమే రాయాలి. దాని ఆధారంగా కెర్నల్ డ్రైవర్‌ను జత చేస్తుంది.

5.4.2 కాలగణన: తీగపై సంకేతం సుమారు 26–28 మైక్రోసెకన్లు ఎగువ స్థాయిలో ఉంటే 0, దాదాపు 70 మైక్రోసెకన్లు ఉంటే 1. సాధారణ ప్రోగ్రామును షెడ్యూలర్ మధ్యలో ఆపవచ్చు. అప్పుడు లెక్క తప్పుతుంది. అందువల్ల లినక్స్ డ్రైవర్ ప్రతి మార్పునూ ఇంటరప్ట్ ద్వారా పట్టుకుని, దాని సమయాన్ని నమోదు చేస్తుంది.

5.4.3 సరిచూడటం: అందిన 5 బైట్లు 2, 140, 0, 73, 215 అనుకుందాం. మొదటి రెండు తేమను, తరువాతి రెండు ఉష్ణోగ్రతను తెలుపుతాయి. 2×256+140=652, అంటే తేమ 65.2 శాతం; 73 అంటే 7.3 డిగ్రీలు. మొదటి నాలుగు బైట్ల మొత్తం 215. చివరి బైటూ అదే కనుక రీడింగ్‌ను అంగీకరించవచ్చు.

ఒక్క బిట్ తారుమారై 73 కాస్తా 89 అయితే 8.9 డిగ్రీలు అవుతుంది. దాన్ని నమ్మితే మంచి ఇన్సులిన్‌ను పారవేయవచ్చు. కాని ఇప్పుడు మొత్తం 231. చివరి బైటుతో సరిపోదు. డ్రైవర్ విలువకు బదులు దోషాన్ని తెలుపుతుంది. తప్పు అంకె ఇవ్వడం కంటే దోషం తెలపడమే మేలు.

సరైన ఉష్ణోగ్రతను డ్రైవర్ 7300 మిల్లీడిగ్రీలుగా అందిస్తుంది. లినక్స్ ఐఐఓ ఉపవ్యవస్థ ఇతర సెన్సార్లకూ ఇదే ప్రమాణాన్ని పాటిస్తుంది. కాబట్టి సెన్సార్ పద్ధతి ఎంత వింతదైనా, పైనున్న ప్రోగ్రాముకు ఆ తేడా కనిపించదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. ఈ సెన్సార్‌కు డివైస్ ట్రీ ఎందుకు అవసరం?
2. 2, 88, 0, 61, 150 అనే బైట్లను డ్రైవర్ అంగీకరిస్తుందా? కారణం రాయండి.