ఏక ప్రవేశం (వెబ్‌మెయిల్)

ఏక ప్రవేశం (సింగిల్ సైన్-ఆన్) అనగా వాడుకరి ఒక్కసారి తన గుర్తింపును నిరూపించుకొని, ఆ తరువాత మరల సంకేతపదం ఇవ్వకుండానే సంస్థకు చెందిన పలు సేవలలోనికి ప్రవేశించు పద్ధతి. సంస్థ తన సొంత సర్వరులపై నడుపుకొను వెబ్‌మెయిల్‌ను ఈ పద్ధతిలోనికి తెచ్చుట ఇతర సేవలను తెచ్చుటకంటె క్లిష్టమైనది. విహరిణిలో కనిపించు వెబ్‌మెయిల్ ముఖద్వారము మాత్రమే. ఉత్తరములు భద్రపరచబడి ఉండునది దాని వెనుకనున్న ఐమ్యాప్ సర్వరులో. ముఖద్వారమునకు మాత్రమే ఏక ప్రవేశమును అమర్చి, వెనుకటి సర్వరును పాత సంకేతపదములతోనే వదలివేసినచో పని సగమే పూర్తియైనట్లు.

చరిత్ర

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1983లో ఆరంభమైన ఎథీనా ప్రాజెక్టునుండి కెర్బెరోస్ అను పద్ధతి వెలువడినది. అందులో వాడుకరి ఒకసారి సంకేతపదం ఇచ్చి ఒక "టికెట్టు" పొంది, దానిని చూపి మిగిలిన సేవలను పొందును. వెబ్ వ్యాప్తి చెందిన తరువాత ఎస్.ఎ.ఎం.ఎల్. 2.0 (2005), ఓఆథ్ 2.0 (2012), ఓపెన్‌ఐడీ కనెక్ట్ (2014) అను ప్రమాణములు వచ్చినవి.

తెలుగు పాఠకులకు పరిచయమున్న ఉదాహరణ వికీమీడియా ఏకీకృత లాగిన్. 2008లో ఇది వాడుకరులందరికీ అందుబాటులోనికి వచ్చినది. తెలుగు వికీపీడియాలో తెరచిన ఖాతాతోనే విక్షనరీ, వికీసోర్సులలో పని చేయవచ్చును. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీలో యేల్ విశ్వవిద్యాలయమున రూపొందిన సి.ఎ.ఎస్. అను పద్ధతి వాడుకలో ఉన్నది.

విశాఖపట్నంలో అవసరము

1933లో ఆరంభమైన విశాఖపట్నం ఓడరేవులో ఒక్క ఓడ వచ్చి వెళ్ళుటకు ఓడ ఏజెంట్లు, కస్టమ్స్ ఏజెంట్లు, సరుకు దింపువారు, రైల్వేలు, బ్యాంకులు పరస్పరము పత్రములు పంపుకొనవలెను. ఇన్ని చోట్ల వేరువేరు సంకేతపదములు ఉండుట భారము. అందువలన భారతీయ ఓడరేవుల సంఘము 2018 డిసెంబరులో ప్రధాన ఓడరేవులకొరకు ప్రారంభించిన పి.సి.ఎస్.1ఎక్స్ అను వేదికలో ఏక ప్రవేశమును ఒక ముఖ్య సౌకర్యముగా చేర్చినది. 2023 జనవరిలో దీని తరువాతి మెట్టుగా నేషనల్ లాజిస్టిక్స్ పోర్టల్ (మెరైన్) ప్రారంభమైనది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల సేవలకు జాతీయ సూచనావిజ్ఞాన కేంద్రము (ఎన్.ఐ.సి.) "పరిచయ్" అను ఏక ప్రవేశ సేవను నిర్మించినది.

ఇటువంటి వేదికలు ప్రభుత్వపు పనులకు చాలును గాని, సంస్థ సొంత మెయిలుకు వర్తించవు. రవాణా వ్యాపారములో సొమ్ము చెల్లింపు వివరములు ఎక్కువగా మెయిలు ద్వారానే నడచును. ఒక ఉద్యోగి మెయిలు పెట్టె దొంగల చేతికి చిక్కినచో, బ్యాంకు ఖాతా సంఖ్య మార్చిన ఇన్‌వాయిసు అసలైన చిరునామానుండియే వెళ్ళును. అందుకొన్నవారికి అనుమానము రాదు. ఉక్కు కర్మాగారము వంటి చోట్ల పగలు రాత్రి షిఫ్టులు నడచుటవలన ఒకే కంప్యూటరును పలువురు వాడు సందర్భములు కలవు. ఒప్పంద కార్మికుల రాకపోకలు కూడ అధికము. వెళ్ళిపోయినవారి ఖాతాను ప్రతి సేవలోను వెదకి మూయుట ఎక్కడో ఒకచోట తప్పక మరచిపోబడును.

పనిచేయు విధానము

1. వాడుకరి వెబ్‌మెయిల్ పుటను తెరచును.
2. వెబ్‌మెయిల్ అతనిని సంస్థ గుర్తింపు సర్వరుకు పంపును.
3. గుర్తింపు సర్వరు సంకేతపదమును, రెండవ ఆధారమును పరిశీలించి, ఒక తాత్కాలిక కోడ్‌తో అతనిని వెనుకకు పంపును.
4. వెబ్‌మెయిల్ ఆ కోడ్‌ను నేరుగా గుర్తింపు సర్వరుకు చూపి "టోకెను" పొందును.
5. వెబ్‌మెయిల్ సంకేతపదమునకు బదులు ఆ టోకెనును ఐమ్యాప్ సర్వరుకు ఇచ్చును.

ఐదవ మెట్టే కీలకము. దానిని తప్పించుకొనుటకు కొందరు వెబ్‌మెయిల్‌కు అన్ని పెట్టెలను తెరువగల "మాస్టరు సంకేతపదము" ఇత్తురు. ఇది సులభమైన దారియే గాని, వెబ్‌మెయిల్ సర్వరు ఒక్కటి చొరబడబడినచో సంస్థ ఉత్తరములన్నియు బయటపడును. టోకెను పద్ధతిలో అప్పుడు ప్రవేశించియున్నవారి పెట్టెలకే, అదియు టోకెను గడువువరకే ప్రమాదము.

అమరిక

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో చేయదలచినవారు సాధారణముగా గుర్తింపు సర్వరుగా కీక్లోక్‌ను, వెబ్‌మెయిల్‌గా రౌండ్‌క్యూబ్‌ను, ఐమ్యాప్‌కు డవ్‌కాట్‌ను, ఉత్తరములు పంపుటకు పోస్ట్‌ఫిక్స్‌ను ఎంచుకొందురు. రౌండ్‌క్యూబ్ 1.5 (2021) నుండి ఓఆథ్ సౌకర్యము దానిలోనే కలదు. పోస్ట్‌ఫిక్స్ తన వాడుకరుల పరిశీలనను డవ్‌కాట్‌కే అప్పగించగలదు కనుక, టోకెను పరిశీలనను ఒక్కచోట అమర్చిన చాలును. అమర్చునపుడు గమనించవలసినవి:

* టోకెనులోని ఏ వివరమును పెట్టె పేరుగా తీసుకొనవలెనో నిర్ణయించవలెను. వాడుకరి తానే మార్చుకొనగల వివరమును ఎన్నడును వాడరాదు. వాడినచో అతడు ఇతరుల చిరునామా వ్రాసుకొని వారి పెట్టెను తెరువగలడు.
* టోకెను మెయిలు సేవకొరకే ఇవ్వబడినదా అని డవ్‌కాట్ పరిశీలించవలెను. లేనిచో మరొక సేవకొరకు ఇచ్చిన టోకెనుతో ఉత్తరములు చదువవచ్చును.
* సర్వరులన్నిటి గడియారములు ఒకే సమయమును చూపవలెను. తేడా వచ్చినచో సరియైన టోకెను కూడ తిరస్కరింపబడును.

మొబైలు అనువర్తనములు

చాలా మెయిలు అనువర్తనములు పెద్ద సేవాసంస్థలకే టోకెను పద్ధతిని అనుమతించును. సొంత సర్వరుకు అవి సంకేతపదమునే అడుగును. అందువలన ఒక్కొక్క పరికరమునకు వేరుగా యంత్రము సృష్టించిన పొడవైన సంకేతపదమును ఇచ్చుట వాడుక. ఫోను పోయినచో దానిది మాత్రమే రద్దు చేయవచ్చును. ఇవి గుర్తింపు సర్వరు పరిధిలో ఉండవు. ఖాతాను మూసినపుడు వీటిని కూడ రద్దు చేయు ఏర్పాటు లేనిచో, వెళ్ళిపోయిన ఉద్యోగి వెబ్‌మెయిల్‌లోనికి రాలేకపోయినను ఫోనులో ఉత్తరములు చదువుచునే ఉండును.

పరిమితులు

* తాళము ఒక్కటియైనందున అది పోయినచో అన్నియు పోవును. కనుక రెండవ ఆధారము తప్పనిసరి.
* గుర్తింపు సర్వరు ఆగిపోయినచో ఎవరును లోనికి రాలేరు. నిర్వాహకునికొరకు దానిపై ఆధారపడని అత్యవసర ఖాతా ఒకటి ఉంచి, దాని వాడకమును నమోదు చేయవలెను.
* వెబ్‌మెయిల్‌నుండి లాగవుట్ అయినను గుర్తింపు సర్వరులోని ప్రవేశము మిగిలియుండవచ్చును. ఉమ్మడి కంప్యూటరుపై తరువాతివారు ఒక నొక్కుతో అదే పెట్టెను తెరువగలరు. రెండిటినుండియు ఒకేసారి బయటకు వచ్చునట్లు అమర్చవలెను.
* ఖాతాను మూసినను, డవ్‌కాట్ టోకెనును తనంతట తానే పరిశీలించుచున్నచో గడువు తీరువరకు అది చెల్లును. ప్రతిసారి గుర్తింపు సర్వరును అడుగునట్లు చేసినచో వెంటనే చెల్లకుండా పోవును.
* ఏక ప్రవేశము సాఫ్ట్‌వేర్ లోపములను కప్పిపుచ్చజాలదు. 2025 జూన్‌లో బయటపడిన రౌండ్‌క్యూబ్ లోపము సుమారు పదేళ్ళుగా అందులో ఉన్నది. ప్రవేశించిన ఏ వాడుకరియైనను సర్వరుపై తన ఆజ్ఞలను నడిపించుటకు అది వీలు కల్పించెడిది. 1.6.11, 1.5.10 కూర్పులలో దీనిని సరిదిద్దిరి.

ఇవి కూడా చూడండి

* సంకేతపదం
* విద్యుల్లేఖ
* విశాఖపట్నం ఓడరేవు
* విశాఖ ఉక్కు కర్మాగారం