ఏరు పొంగకముందే

వాన దేవుని దీవెన అని మన పెద్దలు నేర్పారు. మంచివాడి పొలానికీ చెడ్డవాడి పొలానికీ తేడా చూడకుండా ఆయన వాననిస్తాడన్నది యేసుప్రభువు బోధ (మత్తయి 5:45). అయితే చీడికాడ వంటి చోట ఆ దీవెన కోసం ఎదురుచూసే కళ్లే ఒక్కోసారి దాన్ని చూసి రాత్రంతా నిద్రపోవు.

2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనతో విశాఖపట్నం నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చిన మండలమిది. ఒక పక్క తూర్పు కనుమలు, మరో పక్క చోడవరం వైపు పల్లపు పొలాలు. బంగాళాఖాతంలో అల్పపీడనం బలపడితే తేమగాలులు కొండలకు తగిలి పైకి లేస్తాయి. అక్కడ చల్లబడి కుండపోతగా కురుస్తాయి. ఆ నీరు గెడ్డల్లోంచి బొడ్డేరులోకి, దానిపై కట్టిన కోనాం జలాశయంలోకి చేరుతుంది. బొడ్డేరు శారదా నదిలో కలుస్తుంది. శారద అనకాపల్లి మీదుగా సముద్రానికి సాగిపోతుంది.

వంద మిల్లీమీటర్ల వాన అని వార్తల్లో విన్నప్పుడు అది చిన్న లెక్కలాగే తోస్తుంది. కానీ ఒక్క ఎకరం మీద అది సుమారు 4 లక్షల లీటర్ల నీరు. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి భారీ వర్షమనీ, 115.6 నుంచి అతి భారీ అనీ, 204.4 దాటితే అత్యంత భారీ అనీ వాతావరణ శాఖ లెక్క. కొండలన్నిటి మీదా అంత నీరు పడితే ఎటు పోతుందో ఆలోచించండి!

జలాశయం నిండుకుండలా మారితే ఆనకట్ట భద్రత కోసం గేట్లు ఎత్తక తప్పదు. అందుకే మన ఊళ్లో వాన వెలిసి ఎండ కాసినా, కొండల నీరు ఆలస్యంగా వచ్చి ఏరు పొంగవచ్చు. ‘వాన తగ్గింది కదా’ అని కాజ్‌వే మీద అడుగుపెట్టినవాడిని ఆ నీరే ఈడ్చుకుపోతుంది. వేగంగా పారే నీరు మోకాలి లోతున్నా చాలు, పెద్దమనిషిని కూడా పడదోస్తుంది.

ఇలాంటి వేళల్లో మేము సంఘాల్లో రెండు మాటలు వింటుంటాం. ‘ప్రార్థన చేశాం, మనకేం కాదు’ అనేది మొదటిది. ‘ఆ ఊరివాళ్ల పాపానికి శిక్ష’ అనేది రెండోది. సిలోయము గోపురం కూలి చనిపోయినవారు మిగతావారికన్నా పాపులు కారని ప్రభువు స్పష్టం చేశాక (లూకా 13:4-5), రెండో మాట మన నోట రాకూడదు.

మొదటి మాటకు జవాబు నోవహు. ఇంకా కంటికి కనబడని సంగతిని గూర్చి హెచ్చరిక విని అతడు ఓడ కట్టాడు (హెబ్రీ 11:7). అతని విశ్వాసం చేతుల్లోకి దిగింది. అంతియొకయ సంఘమూ అంతే. కరువు రాబోతున్నదని అగబు చెప్పగానే శిష్యులు తమ శక్తికొద్దీ చందా వేసుకుని, బర్నబా, సౌలుల చేత యూదయలోని సహోదరులకు సహాయం పంపారు (అపొ.కా. 11:27-30). ‘కరువు వచ్చినప్పుడు చూద్దాం’ అని వారు ఊరుకోలేదు.

హెచ్చరిక వింటే ప్రాణాలు ఎలా దక్కుతాయో మన పక్క రాష్ట్రమే చూపింది. 1999 అక్టోబరు 29న ఒడిశా తీరాన్ని తాకిన పెనుతుపానులో దాదాపు పదివేల మంది చనిపోయారు. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తీరం దాటకముందే లక్షలాది మందిని తరలించారు. ఈసారి మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12 ఆదివారం నాడు, హుద్‌హుద్ మన విశాఖనే తాకింది. గాలినైతే ఎవరూ ఆపలేకపోయారు. మనుషులను మాత్రం ముందే కదిలించగలిగారు.

మరి మనం ఏం చేయాలి? ఆరెంజ్, రెడ్ హెచ్చరిక వచ్చిన రోజున సంఘ కాపరి, పెద్దలు ఒక పట్టిక చేతబట్టాలి. ఏటిగట్టున మట్టి గోడల ఇంట్లో ఎవరున్నారు? మంచం దిగలేని అవ్వ ఎవరింట ఉంది? నెలలు నిండిన ఆడబిడ్డ ఎవరు? వారిని పగలుండగానే మెరకకు చేర్చాలి. గుడి పక్కా కట్టడమై, మెరక మీద ఉంటే దాని తలుపులు తెరవాలి. వచ్చినవారిది ఏ కులం, ఏ మతం అని గుమ్మం దగ్గర అడగకూడదు. వానకు లేని తేడా మనకెందుకు? బియ్యం, కాచి చల్లార్చిన నీళ్లు, టార్చిలైటు, మందులు సిద్ధంగా ఉంచాలి. కోసిన వరి పనలను మెరకకు మోయడానికి యువకులు ఒకరికొకరు సాయం పట్టాలి. సహాయానికి 1070, 112 నంబర్లు గుడి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచాలి.

ప్రియులారా, అక్టోబరు, నవంబరు నెలలు మన తీరానికి వాయుగుండాల కాలం. ఆదివారం ప్రకటనల్లో వాతావరణ సమాచారం చదవడం ఆరాధనకు అడ్డు కాదు. పొరుగువాడిని ప్రేమించమన్న ఆజ్ఞకు అది లోబడటమే. ఈ వారమే ఆ పట్టిక రాయడం మొదలుపెడదాం. అందులో మొదటి పేరు మన గుడికి ఎన్నడూ రాని ఇంటివారిదైనా, వారి తలుపే ముందు తడదాం.