నిప్పురవ్వల వెనక

పగలంతా గేట్లకు, గ్రిల్స్‌కు వెల్డింగ్ చేసి ఇంటికెళ్ళిన మనిషి హాయిగా అన్నం తిని పడుకుంటాడు. అర్ధరాత్రి దాటాక కళ్ళలో ఇసుక పోసినట్టు మంట, ధారగా నీళ్ళు. ఆర్క్ నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు కార్నియా పైపొరను కాల్చేస్తే, ఆ నొప్పి బయటపడటానికి 6 నుంచి 12 గంటలు పడుతుంది. సాధారణంగా ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతుంది. పాలచుక్కలు, బంగాళాదుంప ముక్కలు మాత్రం వద్దు, ఇన్ఫెక్షన్ తెచ్చిపెడతాయి. తిమ్మిరెక్కించే చుక్కలు కొని పదేపదే వేసుకోవడం ఇంకా ప్రమాదం. నొప్పి తెలియదు, పుండు మానదు. రాడ్ పట్టినవాడి చేతిలో నల్ల అద్దమైనా ఉంటుంది. నా దిగులంతా పక్కన చానల్ పట్టుకుని ముఖం అటు తిప్పుకునే హెల్పర్ కుర్రాడి గురించే. ఆర్క్ వెల్డింగ్‌కు సాధారణంగా 10 నుంచి 13 నంబరు అద్దం వాడాలి. కూలింగ్ గ్లాసెస్ ఆ పనికి చాలవు.

గ్యాస్ కటింగ్‌కు వాడే డీఏ (డిసాల్వ్డ్ అసిటిలీన్) సిలిండర్‌లో గ్యాస్ ఒక్కటే ఉండదని తెలుసా? అసిటిలీన్‌ను ఊరికే నొక్కి నింపితే దానంతటదే పేలిపోతుంది. అందుకే సిలిండర్ నిండా సన్నని రంధ్రాలున్న పదార్థం పెట్టి, దానికి అసిటోన్ పట్టించి, అందులో గ్యాస్‌ను కరిగిస్తారు. ఈ నిల్వ పద్ధతిని మెరుగుపరిచినవాడు స్వీడన్ ఇంజినీరు గుస్తాఫ్ దాలెన్. 1912లో అసిటిలీన్ సిలిండర్ల భద్రతను పరీక్షిస్తుండగా జరిగిన పేలుడులో ఆయనకు రెండు కళ్ళూ పోయాయి. అదే ఏడాది లైట్‌హౌస్ దీపాల కోసం కనిపెట్టిన పరికరాలకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన తరఫున అందుకున్నది కంటి వైద్యుడైన అన్న ఆల్బిన్. చూపు లేకుండానే దాలెన్ 1937లో చనిపోయేదాకా తన కంపెనీని నడిపించాడు.

ఆ అసిటోన్ వల్లే డీఏ సిలిండర్‌ను నిలబెట్టి వాడాలి. ఆటోలో పడుకోబెట్టి తెచ్చి వెంటనే తెరిస్తే గ్యాస్‌తోపాటు అసిటోన్ కూడా వచ్చేస్తుంది. నిలబెట్టి కొన్ని గంటలు ఆగాలి. రెగ్యులేటర్ మీద 15 పీఎస్‌ఐ దాటకూడదు.

అసిటిలీన్ నట్టు ఎడమవైపు తిప్పితే బిగుస్తుంది. ఆక్సిజన్, అసిటిలీన్ పైపుల్లో ఒకదాన్ని ఇంకోదాని చోట పొరపాటున తగిలించకుండా ఈ ఏర్పాటు.

ఆక్సిజన్ తనంతట తాను మండదు. కానీ దాని రెగ్యులేటర్‌కు గ్రీజో నూనెచేతి మరకో తగిలితే నిప్పు చూపించకుండానే అంటుకోవచ్చు. ఆక్సిజన్ పైపుతో ఒంటిమీది దుమ్ము ఊదుకోవడం మనదగ్గర కనిపించే అలవాటు. ఆ గాలి పీల్చిన చొక్కాకు ఒక్క రవ్వ చాలు.

జీఐ పైపు వెల్డింగ్ చేసిన సాయంత్రం చలి, జ్వరం, ఒళ్ళునొప్పులు వస్తే అది మలేరియా కాకపోవచ్చు. ఉక్కు కరగాలంటే సుమారు 1,500 డిగ్రీల వేడి కావాలి, పైపూతలోని జింకు 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది. తెల్లటి పొగ అదే, జ్వరం తెచ్చేదీ అదే. ఆదివారం సెలవు తర్వాత పనికెక్కిన రోజు ఎక్కువగా బాధించడంతో ఈ జ్వరాన్ని సోమవారం జ్వరం అని కూడా పిలుస్తారు. ఒక రోజుకో రెండ్రోజులకో పోతుంది. గ్లాసు పాలు, బెల్లంముక్క దీనికి విరుగుడు కావు. అతికే చోట జింకు పూతను గీకేయడం, పొగ ముఖానికి తగలకుండా పక్కనుంచి ఫ్యాన్ పెట్టడం, మాస్కు వేసుకోవడం పనికొస్తాయి. ఏ లోహం పొగనైనా తేలిగ్గా తీసుకోవద్దు. 2017లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వెల్డింగ్ పొగను మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో చేర్చింది.

నిండు డ్రమ్ము కన్నా ఖాళీ పెట్రోలు డ్రమ్ముకే భయపడాలి. పేలేది లోపల మిగిలిన ఆవిరి.

1996 ఏప్రిల్ 11న జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ విమానాశ్రయంలో పైనున్న రోడ్డు మీద వెల్డింగ్ చేస్తుంటే, కరిగిన లోహం సందుల్లోంచి జారి కింది సీలింగు థర్మోకోల్‌ను అంటించింది. 17 మంది చనిపోయారు. రవ్వలు 35 అడుగుల దూరం కూడా పోగలవు. అందుకే అగ్ని ప్రమాదం ఉన్నచోట పని ముగిశాక కనీసం అరగంట ఒక మనిషి కాపలా ఉండాలని అమెరికా కార్మిక భద్రతా నిబంధన.

గ్రైండర్‌కు వేసే కటింగ్ వీల్‌కూ ఎక్స్‌పైరీ తేదీ ఉంటుంది! మధ్యలోని రేకు రింగు మీద అచ్చు వేస్తారు. సాధారణంగా తయారైన మూడేళ్ళు. తేమకు, కాలానికి లోపలి జిగురు పట్టు సడలుతుంది. నాలుగంగుళాల వీల్ నిమిషానికి 11,000 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు 200 కిలోమీటర్లు దాటిన వేగంతో పోతుంది, గార్డు తీసేసిన మెషీన్‌లో అది విరిగితే ముక్కలు నేరుగా మనిషి వైపే రావచ్చు. పాత స్టాకు చవగ్గా ఇస్తామన్నప్పుడు డబ్బు చేతిలో పెట్టేముందు ఆ రింగు మీది తేదీ చదవండి.