మసక వెలుగు – మెరుపు కదలిక

ఛాయాచిత్రకళకు కాంతియే ప్రాణం. కాంతి కొరవడినచోట చిత్రం పడటానికి ఎక్కువ కాలం పడుతుంది. కాలం పెరిగినకొద్దీ కదలిక చెదిరిపోతుంది. ఈ కళ పుట్టిన నాళ్లలోనే ఇందుకు నిదర్శనం కనిపిస్తుంది. 1838లో లూయీ డాగేర్ పారిస్ నగరంలోని ఒక రద్దీ వీధిని చిత్రించాడు. పలకపై బొమ్మ పడటానికి కొన్ని నిమిషాలు పట్టింది. ఆ వ్యవధిలో సాగిపోయిన బండ్లు, బాటసారులు చిత్రంలో జాడ లేకుండా పోయారు. బూట్లు తుడిపించుకొంటూ ఒకచోట నిలిచిన మనిషి రూపం మాత్రం నిలిచింది.

నాటి చిక్కు నేటికీ పూర్తిగా తీరలేదు. రంగస్థలంపై కూచిపూడి ప్రదర్శన జరుగుతున్నదనుకుందాం. ప్రేక్షకాగారమంతా చీకటి. వేదికపై రంగురంగుల దీపాల మసక వెలుగు. నర్తకి ఇత్తడి పళ్లెం అంచులపై పాదాలు మోపి తరంగం ఆడుతుంది. ఆ వెలుగు కంటికి చాలినట్లే తోస్తుంది కాని కెమెరాకు చాలదు. అట్లని ఫ్లాష్ వెలిగించడం తగదు. ఆ మెరుపుకు నర్తకి కళ్లు చెదిరి అడుగు తప్పవచ్చు. ప్రేక్షకుల రసానుభూతికీ భంగం కలుగుతుంది. కాబట్టి ఉన్న వెలుగుతోనే పని నెరవేర్చుకోవాలి. స్వల్ప ధనంతో కెమెరా కొనదలచిన విద్యార్థికి ఇక్కడ వివేచన అవసరం.

చిత్రంలోని వెలుగును మూడు అంశాలు నిర్ణయిస్తాయి. మొదటిది షట్టరు తెరచి ఉండే కాలం. రెండవది కటకం ద్వారపు వైశాల్యం. మూడవది ఐ.ఎస్.ఓ. అనే సంఖ్యతో సూచించే గ్రహణశక్తి. సెకనుకు రెండు మీటర్ల వేగంతో కదిలే నర్తకి చేయి, షట్టరు 1/25 సెకను తెరచి ఉంటే ఎనిమిది సెంటీమీటర్లు జరుగుతుంది. చిత్రంలో హస్తముద్ర పొగవలె కనిపిస్తుంది. అదే 1/250 సెకనులో ఎనిమిది మిల్లీమీటర్లే జరుగుతుంది. ముద్ర గుర్తించదగినంతగా నిలుస్తుంది. అయితే కాలం పదోవంతుకు తగ్గినపుడు, లోపలికి చేరే కాంతి కూడా పదోవంతే అవుతుంది.

ఈ లోటును పూరించేది కటకం. దాని ద్వారాన్ని ఎఫ్ సంఖ్యతో గుర్తిస్తారు. సంఖ్య తగ్గేకొద్దీ ద్వారం పెద్దదవుతుంది. కెమెరాతోపాటు సాధారణంగా లభించే జూమ్ కటకం, దూరపు దృశ్యాన్ని దగ్గరకు తెచ్చినపుడు ఎఫ్ 5.6 వద్ద ఆగిపోతుంది. ఎఫ్ 1.8 కటకం అంతకు దాదాపు పది రెట్లు కాంతిని లోనికి పంపుతుంది. అనగా 1/25 సెకను పట్టే చిత్రం సుమారు 1/250 సెకనులోనే పూర్తవుతుంది. 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 కటకం ప్రధాన సంస్థల కటకాలలో చౌకగా దొరికే వాటిలో ఒకటి. దానికి జూమ్ లేదు గనుక ముందు వరుసలలో చోటు సంపాదించాలి. స్పష్టత లోతు కూడా స్వల్పమే కాబట్టి గురిని నర్తకి కంటిపైనే నిలపాలి.

మెగాపిక్సెళ్ల సంఖ్యను చూసి మోసపోరాదు. కాంతిని గ్రహించే సెన్సరు వైశాల్యమే ఇక్కడ ముఖ్యం. 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు గల పూర్తి పరిమాణపు సెన్సరు, సామాన్య కెమెరాలలోని మధ్యరకపు సెన్సరుకంటె వైశాల్యంలో రెండింతలకు పైబడి ఉంటుంది. చరవాణిలోని సెన్సరు మరీ చిన్నది. అది రాత్రివేళ అనేక చిత్రాలను ఒకటిగా కలిపి వెలుగును పెంచుతుంది. ఈ ఉపాయం గుడిగోపురానికి చక్కగా పనికివస్తుంది కాని గిరగిర తిరిగే నర్తకికి అంతగా పనికిరాదు.

ధనం పరిమితమైనపుడు పాత కెమెరాను, మంచి కటకాన్ని కలిపి కొనడం తెలివైన పని. కొనేముందు షట్టరు ఎన్నిసార్లు పనిచేసినదో విచారించాలి. కటకాన్ని వెలుగుకు ఎదురుగా పట్టి లోపల బూజు ఉన్నదేమో పరిశీలించాలి. కటకం ఆ కెమెరాకు సరిపడుతుందో లేదో కూడా చూడాలి. ఉదాహరణకు నికాన్ డీ3000, డీ5000 శ్రేణుల కెమెరాలలో గురి కుదిర్చే మోటారు ఉండదు. మోటారు లేని పాత కటకాన్ని వాటికి తగిలిస్తే గురిని చేతితోనే కుదుర్చుకోవాలి.

ఐ.ఎస్.ఓ. పెంచినపుడు చిత్రంలో ఇసుక చల్లినట్లు చుక్కలు కనిపిస్తాయి. అందుకు వెనుదీయనక్కరలేదు. చుక్కలున్నా ముఖంలోని భావం తెలుస్తుంది. చెదిరిన ముఖంలో భావమే మిగలదు.

అన్నిటికంటె విలువైన సాధనం కళాపరిచయం. జతి ముగిసే చోట నర్తకి ఒక్క క్షణం శిల్పంవలె నిలుస్తుంది. ఎగిరిన దేహం కూడా శిఖరాన కనురెప్పపాటు ఆగినట్లుంటుంది. తాళం తెలిసినవాడు ఆ క్షణాన్ని ముందే ఊహించి మీట నొక్కుతాడు. అతని చేతిలోని పాత కెమెరా, తాళం తెలియనివాని ఖరీదైన కెమెరాకంటె మేలైన చిత్రాన్ని ఇవ్వగలదు. ప్రదర్శన ముగిసిన పిదప ఆ క్షణం మరల రాదు. దానిని భద్రపరచే భాగ్యం ధనవంతులకే పరిమితం కాదు. తెలిసి ఎన్నుకొని, ఓర్పుతో సాధన చేసేవారందరికీ అది దక్కుతుంది.

ప్రశ్నలు
1. నాట్యప్రదర్శనలో ఫ్లాష్ ఎందుకు వాడరాదు?
2. ఎఫ్ 1.8 కటకం వల్ల కలిగే ప్రయోజనాన్ని, పరిమితులను వివరించండి.
3. 'అన్నిటికంటె విలువైన సాధనం కళాపరిచయం' – సమర్థించండి.