గడీ – గంట – హాజరుపట్టీ

సినిమా అంటే మనకు హీరో, పాటలు, ఫైట్లు. అధికారం గురించి మాట్లాడుకోవాలంటే మాత్రం మేము ‘దాసి’తోనే మొదలుపెడతాం. బి. నర్సింగరావు తీసిన ఈ చిత్రానికి 1988 సంవత్సరానికి గాను ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. కమలాక్షిగా నటించిన అర్చన ఉత్తమ నటి అయింది.

కథ చిన్నది. దొరసాని వెంట అరణంగా వచ్చిన ఆడపిల్ల గడీలో దాసి. ఇలాంటి వాళ్లను మన దగ్గర ఆడబాపలు అనేవారు. పనికి వేళ లేదు, దొర పిలిస్తే రానని అనే వీలు లేదు. చివరికి కడుపులో బిడ్డను ఉంచుకోవాలా వద్దా అన్నదీ ఆమె చేతిలో లేదు.

ఫ్రెంచి తత్వవేత్త మిషెల్ ఫూకో 1975లో జైలు పుట్టుక మీద ఒక పుస్తకం రాశాడు. పాతకాలపు రాజు నేరస్థుణ్ణి నడిబజారులో హింసించి తన బలం చూపేవాడు. ఆధునిక కాలంలో అదే పని చప్పుడు లేకుండా జరుగుతుందంటాడు ఫూకో. టైంటేబులు, వరుస, హాజరు, పరీక్ష చాలు. ఆయన చూపిన ఉదాహరణ, 18వ శతాబ్దం చివర బెంథాం గీసిన జైలు నమూనా. నడుమ ఒక బురుజు, చుట్టూ గుండ్రంగా గదులు. బురుజులో కావలివాడు ఉన్నాడో లేడో ఖైదీకి తెలియదు. అందుకే ఎప్పుడూ ఉన్నట్టే నడుచుకుంటాడు.

ఇది చదివితే హాస్టల్ గుర్తుకు రాక మానదు. పొద్దున్నే గంట, ప్రేయర్, స్టడీ అవర్, రాత్రి హాజరు. వార్డెన్ సారు ఊర్లో లేడని తెలిసేదాకా హాలంతా నిశ్శబ్దం. (తెలిశాక సంగతి పూర్వ విద్యార్థులకు చెప్పనక్కరలేదు.)

అయితే గడీ, హాస్టల్ ఒకటే అనలేం. గడీలో గంట లేదు. వెట్టికి రాసిన నియమం లేదు, దొర నోటి మాటే శాసనం. హాస్టల్లో గోడ మీద మెనూ ఉంటుంది. గుడ్డు పెట్టాల్సిన రోజు పెట్టకపోతే ఆ కాగితం చూపించి అడగవచ్చు. హాజరుపట్టీలో మన పేరుంటే మన వంతు బియ్యమూ లెక్కలో ఉన్నట్టే. రాసిన నియమం మనతో పాటు పైవాణ్ణి కూడా కట్టేస్తుంది. ఫూకో ఈ వైపు తక్కువగా చూశాడని మా అభిప్రాయం.

కానీ కాగితం చూపించి అడిగినవాణ్ణి ‘క్రమశిక్షణ లేనోడు’ అన్ననాడు గడీ మళ్లీ లేచినట్టే. పిల్లలను ఎండలో నిలబెట్టడాన్ని కూడా కొందరు క్రమశిక్షణే అంటారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడుల్లో శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించిందని ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి.

నర్సింగరావు నిర్మాతల్లో ఒకరుగా, గౌతం ఘోష్ దర్శకత్వంలో వచ్చిన ‘మా భూమి’లో రైతులు దొరలను తరిమేస్తారు. తర్వాత సైన్యం వెంట దొరలు మళ్లీ ఊళ్లకొస్తారు. గోడలు పట్టుకున్నంత మాత్రాన అధికారం చేతికి రాదన్న సంగతి ఆ ముగింపులో ఉంది.

మన కొత్తకోటకు దగ్గర్లోనే వనపర్తి సంస్థానం రాజభవనం ఉంది. అందులో పాలిటెక్నిక్ పెట్టారు. మన అన్నలు కొందరు అక్కడే డిప్లొమా చదివారు. అక్కడా గంట కొడతారు, హాజరు తీస్తారు. సంస్థానం నాడు మన ముందు తరాల వాళ్లు ఆ గుమ్మం దాటి ఎంత దూరం పోగలిగేవారో ఈ సెలవుల్లో ఇంటి పెద్దలను అడిగి రాసుకొని రండి.